సంక్రాంతికి ఊరెళ్తున్నారా? పిల్లాడికి ఏడీహెచ్‌డీ ఉండి గోధుమ కూడా పడకపోతే ఇవి చూస్కోండి

మావాడికి తొమ్మిదేళ్ళు, ఏడీహెచ్‌డీ ఉంది, అంటే ఒకచోట దృష్టి నిలవదు, కుదురుగా ఉండలేడు, దాంతోపాటు సీలియాక్ కూడా ఉంది, అంటే గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బార్లీ ఏవీ పడవు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి భీమవరం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్తాం, ఇల్లంతా జనం, మైకులు, పిండివంటలు, నిద్ర సరిగ్గా ఉండదు. ఇలాంటి పిల్లలున్న చాలామంది అమ్మలు ఈ గోలంతా ఎందుకులే అని పండగకి ఊరెళ్ళడమే మానేస్తున్నారు. మానకండి, వెళ్ళండి. తాతయ్య దగ్గర, బాబాయి పిల్లలతో గడిపే ఆ నాలుగు రోజులు వాడికీ కావాలి కదా. కాకపోతే వాడిని కట్టడి చెయ్యడం మీద పెట్టే శ్రమ ఇంటినీ వంటనీ రోజునీ ముందే సర్దుకోవడం మీద పెట్టండి, ఆ సర్దుకోవడం పెద్దవాళ్ళ పని, వాడి పని కాదు.

ముందు ఒక మాట క్లియర్‌గా చెప్తా. ఏడీహెచ్‌డీ తిండి వల్ల రాదు, గోధుమ మానేస్తే పోదు. చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేది, మెదడు పనిచేసే తీరులో ఉండే తేడా. సీలియాక్ వేరే జబ్బు, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల ఒంట్లో రక్షణ వ్యవస్థ చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. కానీ కడుపునొప్పితో ఉన్న పిల్లాడు చిరాగ్గా ఉంటాడు, నిద్రపోడు, అప్పుడు ఏడీహెచ్‌డీ రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది, అందుకే పండగల్లో ఈ రెండిటినీ కలిపే చూస్కోవాలి. మీ పిల్లలకి గోధుమ పడట్లేదని డౌట్ ఉంటే ముందు టీటీజీ అనే రక్తపరీక్ష చేయించండి, పరీక్షకి ముందు మాత్రం గోధుమ మాన్పించకండి, మాన్పించేస్తే జబ్బు ఉన్నా రిపోర్టులో కనపడకపోవచ్చు. ఇంటర్నెట్‌లో చూసి ముందే మాన్పించేసి తర్వాత టెస్టుకి వెళ్ళేవాళ్ళు చాలామందే ఉన్నారు, అలా చెయ్యకండి ప్లీజ్.

ఊరికి ఫోన్, పది రోజుల ముందు

ఊళ్ళో దిగాక వంటింట్లో నిలబడి చెప్తే ఎవరి చెవికీ ఎక్కదు, అప్పటికే పిండి కలిపేసి ఉంటారు. పిండివంటలు మొదలెట్టక ముందే ఫోన్ చెయ్యండి, అదీ వంట ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళకే. మా ఇంట్లో అత్తయ్య గారు. నేను చెప్పేది ఇలా ఉంటుంది: "అత్తయ్యా, వీడికి గోధుమ విషయం డాక్టరు గారు ఈసారి కూడా గట్టిగా చెప్పారు, కొంచెం తగిలినా పేగు పాడవుతుందంట, బరువు కూడా పెరగట్లేదు. అరిసెలు, సున్నుండలు, జంతికలు అన్నీ తినొచ్చు వాడు, మీ చేతి అరిసెల కోసమే చూస్తున్నాడు, కాకపోతే మైదావి వండకముందే వాడివి వండేద్దాం." చూడండి, ఏం తినకూడదో కంటే ఏం తినొచ్చో ఎక్కువ చెప్పాలి. మనవడికి తన చేత్తో పెట్టుకోవాలని నానమ్మకి ఉంటుంది, వద్దు వద్దు అని లిస్టు చదివితే బాధపడతారు, ఆ బాధలోంచే "ఒక్క ముక్క తింటే ఏమవుద్దిలే అమ్మాయ్" అన్న మాట వస్తుంది. పెట్టడానికి పది రకాలున్నాయని తెలిస్తే ఆ మాట చాలావరకు రాదు.

నిజానికి మన సంక్రాంతి వంటలు చాలావరకు బియ్యంతోనే కదా, ఆ రకంగా మనం అదృష్టవంతులం. అరిసెలు, సకినాలు, చేగోడీలు, జంతికలు, పూతరేకులు, చలిమిడి, పరమాన్నం, చక్కెర పొంగలి వీటిల్లో మామూలుగా గోధుమ ఉండదు. సున్నుండలు మినుములు, గారెలు మినప్పప్పు. బొబ్బట్లు మైదా కాబట్టి వద్దు, వాటి బదులు పూర్ణం బూరెలు చేయించండి, లోపల అదే సెనగపప్పు బెల్లం పూర్ణం, పైన తోపు బియ్యం మినప్పప్పు రుబ్బింది, పిల్లాడికి పండగ రుచి ఏమీ తగ్గదు. కజ్జికాయలు, గవ్వలు మైదావే, రవ్వలడ్డు బొంబాయి రవ్వ, సేమియా పాయసం కూడా గోధుమే, దాని బదులు సగ్గుబియ్యం పాయసం. కొంతమంది అరిసెలు గోధుమపిండితో కూడా చేస్తున్నారు, పక్కింటి నుంచి వచ్చిన పళ్ళెంలో అరిసె కనపడగానే ఇచ్చెయ్యకుండా అడిగి ఇవ్వండి.

కనపడకుండా గోధుమ వచ్చేసే చోట్లు

అసలు ఇబ్బంది ఇక్కడే, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా.

మొదటిది పిండిమర. అరిసెలకి బియ్యం నానబెట్టి వార్చి మరకి పంపిస్తారు కదా, ఆ మరలో అంతకుముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటే ఆ పిండి మన బియ్యప్పిండిలో కలుస్తుంది. పండగ ముందు మర దగ్గర క్యూలు ఉంటాయి, మన కోసం ఆపి కడగరు. తడిబియ్యానికి వేరే మర ఉందేమో అడగండి, లేదంటే పిల్లాడి వరకు ఒక కేజీ బియ్యం ఇంట్లోనే రోట్లో దంచుకోవడమో మిక్సీలో పట్టుకోవడమో చేస్కోండి. జల్లెడ మాత్రం కొత్తది కొనండి, గోధుమపిండి జల్లించిన జల్లెడ సందుల్లోంచి ఎంత కడిగినా పిండి పూర్తిగా పోదు. అప్పడాల కర్ర, చెక్క పీట కూడా అంతే. స్టీలు గిన్నెలు, గరిటెలు శుభ్రంగా తోమితే సరిపోతుంది.

రెండోది నూనె. గవ్వలు వేయించిన నూనెలోనే అరిసెలు వేస్తే అరిసెల్లో గోధుమ లేకపోయినా లాభం లేదు. అందుకని వరస మార్చమని అడగాలి అంతే, కొత్త నూనె పొయ్యగానే ముందు అరిసెలు, తర్వాత జంతికలు, బూరెలు, ఆఖర్న మైదావి. ఇలా వరస మార్చడానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ కాదనరు. వాడివి అయిపోగానే మూత గట్టిగా ఉండే డబ్బాలో వేసి పేరు రాసి పైన అరలో పెట్టేయండి, లేకపోతే ఎవరో ఒకరు కజ్జికాయ పట్టుకున్న చేత్తోనే అందులో చెయ్యి పెడతారు.

మూడోది ఇంగువ, ఇది చాలామందికి తెలీదు. మనం కొనే ఇంగువ డబ్బాల్లో చాలావాటిల్లో ఇంగువ కొంచెమే ఉంటుంది, మిగతాది గోధుమపిండి లేదా మైదా, బంక. డబ్బా వెనకాల పదార్థాల లిస్టు చదవండి. బియ్యప్పిండితో చేసినవి, గ్లూటెన్ ఫ్రీ అని రాసినవి దొరుకుతున్నాయి, అదొకటి బ్యాగులో పెట్టుకెళ్ళి వంటింట్లో ఇచ్చేస్తే పులిహోర, పప్పుచారు, మిగతా తాలింపులన్నీ సేఫ్, ఒక్క ఆవకాయ తప్ప. ఆవకాయ ఎందుకంటున్నానంటే అది వేసవిలో ఎప్పుడో పెట్టేసి ఉంటారు, అందులో ఇంగువ వేసి ఉంటే అది ఏ ఇంగువో ఎవరికీ గుర్తుండదు, వాడికి వేరే పచ్చడి పెట్టండి.

నాలుగోది ప్రసాదం. అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమ రవ్వతో చేస్తారు, గుళ్ళో పెట్టే కేసరి బొంబాయి రవ్వ. ప్రసాదం వద్దనకూడదని పెద్దవాళ్ళు అంటారు, వద్దనక్కర్లేదు. చేతిలో తీస్కుని కళ్ళకద్దుకుని నాన్నకి ఇచ్చెయ్యమని మావాడికి నేర్పించాం, మా పంతులు గారు కూడా అదే మంచిదన్నారు, వాడి కోసం కొబ్బరిముక్క, అరటిపండు విడిగా ఇస్తారు.

ప్యాకెట్లు కొంటే లేబుల్ చదవండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, వేరుసెనగలు, నట్స్, సోయా ఉంటే ఆ సంగతి విడిగా రాయాలి. స్వీట్ షాపులో విడిగా తూచి ఇచ్చేవాటికి ఈ భరోసా ఉండదు కాబట్టి నేనైతే వాటి జోలికే వెళ్ళను. వేరుసెనగలకో నట్స్‌కో నిజమైన ఎలర్జీ ఉన్న పిల్లల విషయం ఇంకా సీరియస్, దద్దుర్లు వచ్చి మొహం వాచి ఊపిరి ఆడకపోతే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, డాక్టరు రాసిచ్చిన అత్యవసర ఇంజెక్షన్ ఉంటే చేసి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

రంగులు, చక్కెర గొడవ

స్వీట్లు తింటే గెంతులేస్తాడు అని అందరూ అంటారు. చక్కెర మీద 1990ల్లో బాగా పరీక్షలు చేశారు, చక్కెర వల్ల పిల్లల ప్రవర్తన మారుతుందని తేలలేదు. పళ్ళకీ ఆకలికీ చక్కెర తగ్గించడం మంచిదే, కానీ వాడు గెంతుతున్నది సున్నుండ వల్ల కాదు, ఇంట్లో ఉన్న హడావిడి వల్ల. రంగుల సంగతి వేరు. 2007లో సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్ళు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన పరిశోధనలో కొన్ని కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ (పాడవకుండా కలిపే పదార్థం) కలిపిన డ్రింక్ తాగిన పిల్లల్లో కొంతమందికి చురుకుదనం హద్దు దాటడం కనిపించింది, ఆ తర్వాత 2010 నుంచి యూరప్‌లో ఆ రంగులు వాడితే పిల్లల ప్రవర్తన మీద, శ్రద్ధ మీద ప్రభావం ఉండొచ్చని ప్యాకెట్ మీద రాయాల్సి వచ్చింది. ప్రభావం చిన్నదే, అందరు పిల్లలకీ ఉండదు. మావాడికి మాత్రం తేడా కనిపిస్తుంది, అందుకే 102, 110, 122, 124, 129 అన్న రంగు నంబర్లు ఉన్న ఆరెంజ్ డ్రింకులు, రంగురంగుల బిళ్ళలు కొనం, తిరణాలలో గులాబీ రంగు పీచు మిఠాయి అసలే వద్దు. మీ పిల్లల్లో తేడా ఉందో లేదో తెలుసుకోవాలంటే పండగ రోజుల్లో చూడకండి, మామూలు స్కూలు రోజుల్లో డాక్టరుని అడిగి కొన్ని వారాలు మాన్పించి నోట్ చేస్కుని చూడండి, పండగప్పుడు సవాలక్ష కారణాలుంటాయి, ఏదేంటో తెలీదు.

టాబ్లెట్లు, ఆకలి

ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్ ఫెనిడేట్ అనే మందు వాడే పిల్లల్లో చాలామందికి మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది. పండగ భోజనం పెట్టేదేమో సరిగ్గా ఆ టైముకే, విస్తరిలో అన్నీ వడ్డిస్తారు, వీడు రెండు ముద్దలు తిని లేస్తాడు, ఇక చుట్టాలందరూ "పిల్లాడికి ఏమీ పెట్టట్లేదా" అని మొదలెడతారు. దీనికి మేం చేసేది, పొద్దున టాబ్లెట్ వెయ్యకముందే కడుపునిండా టిఫిన్, ఇడ్లీ నెయ్యి కారప్పొడి, లేదా పెసరట్టు ఉప్మా లేకుండా, రెండు గుడ్లు. సాయంత్రం మందు దిగాక ఆకలేస్తుంది, అప్పుడు మళ్ళీ పూర్తి భోజనం, పడుకోబోయే ముందు పాలు అరటిపండు. మధ్యాహ్నం ఎంత తింటే అంతే, బతిమాలడం లేదు. అసలే గోధుమ లేని తిండి, పైన ఆకలి లేకపోతే బరువు తగ్గిపోతారు కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఎత్తు బరువు రాయించండి.

పండగే కదా అని టాబ్లెట్ ఆపెయ్యాలా వద్దా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు, బయల్దేరే ముందే డాక్టరుని అడగండి. ఏడీహెచ్‌డీకే ఇచ్చే అటామాక్సెటిన్ లాంటి మందులు రోజూ వేస్తేనే పనిచేస్తాయి, మధ్యలో వదలకూడదు. మిథైల్ ఫెనిడేట్ అమ్మకం మీద ప్రభుత్వ కంట్రోల్ ఉంటుంది, చిన్న ఊళ్ళ మెడికల్ షాపుల్లో దొరక్కపోవచ్చు, కాబట్టి నాలుగు రోజులు ఎక్కువ వచ్చేలా తీస్కెళ్ళండి, ప్రిస్క్రిప్షన్ ఒరిజినల్ దగ్గరుంచుకోండి. సూట్‌కేసులో కాదు, మీ హ్యాండ్‌బ్యాగులో. ఊళ్ళో ఇంకా చిన్న పిల్లలుంటారు, బీరువాలో పెట్టి తాళం వెయ్యండి.

దారి

సంక్రాంతి ముందు విజయవాడ హైవే ఎలా ఉంటుందో తెలిసిందే, పంతంగి టోల్ దగ్గరే గంటలు గంటలు ఆగిపోవచ్చు. కుదిరితే భోగికి మూడు రోజుల ముందే బయల్దేరండి, లేదా తెల్లారుజామున మూడింటికి, పిల్లాడు కార్లో నిద్రపోతాడు. దారి హోటళ్ళ మీద ఆధారపడొద్దు, సాంబారులో ఇంగువ, దోశ పిండిలో మైదా, ఒకటే పెనం మీద పరోటా, ఇవేవీ మన చేతిలో ఉండవు. పెరుగన్నం, నిమ్మకాయ పులిహోర, ఉడికించిన గుడ్లు, పల్లీచిక్కీ, పళ్ళు కట్టుకెళ్ళండి. గంటన్నరకోసారి ఆపి వాడిని పరిగెత్తనివ్వండి, పెట్రోల్ బంకులో కాదు, ఎక్కడైనా ఖాళీ స్థలం చూసి. ఆ పది నిమిషాలు ఆగితే మిగతా దారి ప్రశాంతంగా ఉంటుంది.

ఆ మూడు రోజులు

ముందురోజు రాత్రి పడుకునేటప్పుడు రేపు ఏం జరుగుతుందో చెప్పండి, కాయితం మీద బొమ్మలేసి చెప్తే ఇంకా మంచిది. పొద్దున్నే మంట, తర్వాత తలంటు, తర్వాత టిఫిన్, టాబ్లెట్, తర్వాత ముగ్గు. ఏడీహెచ్‌డీ పిల్లలకి ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారడమే కష్టం, ముందే తెలిస్తే గొడవ సగం తగ్గుతుంది. "పద పద" అని అరవకుండా గడియారం చూపించి పెద్ద ముల్లు ఆరు మీదకి రాగానే స్నానం అని చెప్పండి. ఒక్కసారికి ఒక్క మాటే, దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేసి.

భోగి మంట దగ్గర ఒక పెద్దమనిషి వాడి డ్యూటీలోనే ఉండాలి, ఫోను లేకుండా. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడట్లేదనే లెక్క. వీళ్ళు ఆలోచించేలోపే దూకేస్తారు, అది పొగరు కాదు, ఆగడం వాళ్ళకి అంత తేలిగ్గా రాదు. కాటన్ బట్టలు వెయ్యండి, నైలాన్ లాంటివి వద్దు, పిడకల దండ వెయ్యడం వాడి వంతు వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని వేయించండి. గాలిపటాలు డాబా మీద అయితే పిట్టగోడ ఎత్తు చూడండి, తక్కువుంటే పొలంలోకి తీస్కెళ్ళండి. కాలవ, చెరువు గట్టు దగ్గర కూడా ఇదే రూలు. కోడిపందేల బరికి పిల్లల్ని అసలు తీస్కెళ్ళకండి, కత్తులు, జనం, మైకులు, అది పిల్లలుండే చోటు కాదు.

ఖాళీగా ఉంచడమే అన్నిటికంటే ప్రమాదం, పనివ్వండి. ముగ్గులో రంగులు నింపడం, గొబ్బెమ్మల మీద బంతిపూలు గుచ్చడం, హరిదాసు వస్తే పాత్రలో బియ్యం పొయ్యడం, గంగిరెద్దుకి అరటిపండు పెట్టడం, బెల్లం కొట్టడం. మావాడికి సకినాలు చుట్టడం నేర్పింది వరంగల్ నుంచి వచ్చిన మా తోడికోడలు, వంకరటింకరగా వచ్చినా గంటసేపు కదలకుండా కూర్చున్నాడు. పని అవ్వగానే అందరి ముందూ మెచ్చుకోండి, ఇలాంటి పిల్లలు రోజంతా తిట్లే వింటూ ఉంటారు, పదిమందిలో ఒక మంచి మాట వాళ్ళకి చాలా అవసరం.

పంక్తి భోజనంలో చివర కూర్చోపెట్టండి, తినేసి లేచిపోవడానికి ముందే పర్మిషన్ ఇచ్చెయ్యండి. ఊళ్ళో దిగగానే ఒక నిశ్శబ్దమైన చోటు చూసి పెట్టుకోండి, మేడ మీద గదో పెరట్లో మామిడిచెట్టు కిందో. వాడికి చెవులు హోరెత్తితే నా కొంగు రెండుసార్లు లాగాలి, అది మా ఇద్దరి సైగ, నేను ఏ పనిలో ఉన్నా వెంటనే తీస్కెళ్తాను. బాబాయి పిల్లలతో కొట్లాట అయితే అక్కడే పంచాయితీ పెట్టకండి, చెయ్యి పట్టుకుని ఆ చోటుకి తీస్కెళ్ళిపోండి, మంచినీళ్ళు, ఏదైనా తినడానికి, మాటలు తర్వాత.

"మా రోజుల్లో ఇవన్నీ లేవు, రెండు తగిలిస్తే కుదురుకుంటాడు" అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. వాదన పెట్టుకోకండి. "నిజమే పెదనాన్నా, వాడికి కళ్ళజోడు ఎలాగో ఈ మందు అలాగ, డాక్టరు గారు చూస్తున్నారు" అని చెప్పి మాట మార్చెయ్యండి. మీ ఆయన తరఫు చుట్టాలకి సమాధానం చెప్పాల్సింది ఆయనే, అది బయల్దేరే ముందే మాట్లాడుకోండి. పిల్లాడి ముందు మాత్రం ఈ చర్చ జరగనివ్వకండి, వాడు ఆడుకుంటున్నట్టే ఉంటాడు కానీ అన్నీ వింటాడు.

పొరపాటున గోధుమ తినేస్తే కంగారు పడొద్దు, వాడిని తిట్టొద్దు. నీళ్ళు, ఓఆర్ఎస్, తేలిక తిండి, రెస్ట్. వాంతులు, విరేచనాలు ఆగకపోతే డాక్టరుకి చూపించండి. తిట్టారంటే మాత్రం తర్వాతసారి దాచిపెడతాడు.

తిరిగొచ్చేటప్పుడు

కనుమ రోజు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ రోజే అందరూ బయల్దేరతారు, రోడ్డు మళ్ళీ జామ్. స్కూలు తెరిచే రోజుకి ఒక రోజు ముందే ఇంటికి చేరేలా చూస్కోండి, ఆ రోజు ఏమీ పెట్టుకోకుండా నిద్రపోనివ్వండి, టాబ్లెట్ టైము, పడుకునే టైము మళ్ళీ స్కూలు రోజుల్లోకి తెచ్చెయ్యండి. స్కూలు తెరిచాక ఒక వారం పిల్లలందరూ ఊళ్ళ నుంచి తెచ్చిన పిండివంటలు టిఫిన్ బాక్సుల్లో పట్టుకొస్తారు, పంచుకుంటారు, అందులో గవ్వలూ కజ్జికాయలూ ఉంటాయి. క్లాస్ టీచరుకి ముందురోజే మెసేజ్ పెట్టండి, వాడి బాక్సులో నానమ్మ చేసిన అరిసెలు నాలుగు ఎక్కువే పెట్టండి, వాడు కూడా పంచాలి కదా.